సోమయ్య మాస్టర్ తీసుకున్న కొలత

మొన్న మిర్యాలగూడలో మా చెల్లెలి మనవరాలి పెళ్లి. ఫంక్షన్ హాల్లో రెండో బంతిలో కూర్చుని పెరుగన్నం కలుపుకుంటున్నాను. గోడవారగా నిలబెట్టిన డీజే బాక్సుల్లోంచి ఒక్కసారిగా సాక్సోఫోన్ మొదలైంది. బల్ల వణికింది. గ్లాసులో నీళ్లు వణికాయి. ఆ వాయిద్యం పైకి లేచి, కాస్త ఆగి, ఇంకాస్త పైకి పోయి, చివరికి విసుగ్గా కిందికి దిగింది. నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. అప్పగింతలకు ఇంకా టైముందట, బాక్సులు సరిగ్గా పలుకుతున్నాయో లేదోనని డీజే అతను ముందుగా వేసి చూస్తున్నాడట.

"మంచిగున్నది కదా పాట? మా బిడ్డ పెండ్లిల గూడ గిదే పెట్టిచ్చినం," అంది పక్కనున్న ఆవిడ.

"అది పాట కాదు. నేను నా బిడ్డను తిట్టుకుంట పిలిచిన పిలుపు," అన్నాను.

ఆవిడ నన్ను ఎగాదిగా చూసి కుర్చీ అటు జరుపుకుంది. విస్తట్లో మెతుకు వదలడం మా ఇంటావంటా లేదు. ఆ రోజు అన్నం అట్లాగే వదిలి లేచాను. ఎందుకు లేచానో చెప్పాలంటే సోమయ్య మాస్టర్ సంగతి చెప్పాలి. ఆయన్ను చూడని వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను. చూసినవాళ్లకు నేను చెప్పేదేముంది?

సూర్యాపేటలో కూరగాయల మార్కెట్ వెనక సందులో నా కుట్టు మిషన్. చదువు మూడో తరగతితో ఆగింది. లెక్క తప్పకుండా కత్తిరించడం మాత్రం ఎవరూ నేర్పకుండానే వచ్చింది. మా సందు చివర పెళ్లిళ్ల బ్యాండు వాళ్ల గది ఉండేది. వాళ్ల ఎర్ర కోట్లు, జరీ అంచులు, ఊడిన గుండీలు, అన్నీ నా దగ్గరికే వచ్చేవి. సోమయ్య మాస్టర్ ఆ బ్యాండులో సాక్సోఫోన్ వాయించేవాడు. పొట్టి మనిషి. వాయిద్యం మెడలో వేసుకుంటే అది ఆయన్ను మోస్తున్నట్టు ఉండేది. గుండీ కుట్టేంతసేపూ నా గడప మీద కూర్చుని మాట్లాడేవాడు. నాకు ఊరికే మాట్లాడేవాళ్లంటే పడదు. ఆయన మాటలు ఊరికే ఉండేవి కావు కాబట్టి కూర్చోనిచ్చాను.

ఊరేగింపులో ఎవరు ఏ సినిమా పాట అడిగితే అది వాయించేవాడు. అప్పగింతల దగ్గర మాత్రం ఎవరి మాటా వినేవాడు కాదు. పెళ్లికి ముందు రోజు పెళ్లికూతురు ఇంటికి పోయి వాళ్లమ్మను ఒకటే అడిగేవాడు, "నీ బిడ్డను ఎట్ల పిలుస్తవమ్మా? ఒక్కసారి పిలిచి సూపియ్యి" అని. ఆ తల్లి పిలిచే పిలుపును పట్టుకుని, దాన్ని సాగదీసి, మెలిపెట్టి, మర్నాడు బిడ్డ బండి ఎక్కేటప్పుడు వాయించేవాడు. ఏ ఇంటిది ఆ ఇంటికే. ఒకసారి వాయించింది మళ్లీ వాయించేవాడు కాదు.

నాకు అది శుద్ధ దండగ అనిపించేది. పాత కోటు లోపలి గుడ్డను కూడా విప్పి ఇంకో కోటుకు వేసే మనిషిని నేను. ఒకరోజు అడిగేశాను.

"నిన్న వాయించిందే ఇయ్యాల వాయిస్తె ఏం పోతది మాస్టర్? రోజూ కొత్తది కట్టుడెందుకు, ఇల్లిల్లు తిరిగి చెప్పులు అరగ్గొట్టుకునుడెందుకు?"

"నిన్నటి పిల్లకు కుట్టిన జాకెట్టు ఇయ్యాలటి పిల్లకు తొడుగుతవా అక్కా?"

"ఎట్ల తొడుగుత? కొలతలు వేరు."

"మరి గదే," అని బీడీ వెలిగించుకున్నాడు.

అప్పటిదాకా నేను గుడ్డ మిగలాలని జాకెట్లు అర అంగుళం బిగువుగా కుట్టేదాన్ని. అడిగితే, లావైనవు నువ్వే అని దబాయించేదాన్ని. ఆ మాట తర్వాత అట్లా కుట్టలేకపోయాను. కొలత తీసేటప్పుడు టేపు ఒక్కదాన్నే కాకుండా మనిషి మొహం చూడటం అప్పటి నుంచే మొదలుపెట్టాను. ఊపిరి బిగబట్టి నిలబడ్డ పిల్లను, ఊపిరి వదిలిన తర్వాత మళ్లీ కొలవాలి. అది నాకు నేర్పింది కుట్టుపని రాని మనిషి.

ఈ విద్య ఎవరు చెప్పారని ఇంకోసారి అడిగాను. ఎవరూ చెప్పలేదన్నాడు. "మా అమ్మ పిలిస్తె మూడు గల్లీల అవతలికి ఇనబడేది అక్కా. ఆమె పోయినంక నన్నట్ల పిలిచెటోళ్లు లేకపాయిరి. ఒకనాడు బుద్ధి పుట్టి, గీ వాయిద్యంలకెల్లి నన్ను నేనే పిలుసుకున్న. ఇగ అట్ల మొదలైంది." అంతే అన్నాడు. నేను దారం కొరికి, కోటు ఆయన చేతికిచ్చాను.

నా బిడ్డ పద్మ పెళ్లికి ముందు రోజు నా దగ్గరికీ వచ్చాడు. తెలిసిన మనిషే కదా, అట్లాగే మిషన్ ముందున్న పీట మీద కూర్చుంటాడనుకున్నాను. కూర్చోలేదు. వాకిట్లో నిలబడి అందరినీ అడిగినట్టే అడిగాడు.

"నేను పాటలు పాడి జోకొట్టిన దాన్ని కాదు మాస్టర్. నా దగ్గర ఏం దొరకది నీకు."

"పాటెవరడిగిన్రు? ఆటకు పోయిన పిల్లను ఇంట్లకెట్ల పిలిచినవ్?"

సిగ్గేసింది. అయినా గడపలో నిలబడి పిలిచాను. "పద్మా… ఓ పద్మా… దీపాలు పెట్టే యాళ్లయింది, ఇగ రావే!" చివరి మాట నాకు తెలియకుండానే తిట్టులాగే వచ్చింది. లోపల గోరింటాకు పెట్టుకుంటున్న పద్మ "ఆఁ, వస్తున్ననే" అని అలవాటుగా పలికి నవ్వింది. మాస్టర్ తల ఊపి వెళ్లిపోయాడు. మర్నాడు పద్మ కారు దగ్గరికి వెళ్తుంటే ఆ పిలుపే వినిపించింది. నేను పదిహేనేళ్లు ఎంత విసుక్కుంటూ పిలిచానో ఆ విసుగు కూడా అందులో ఉంది. పద్మ సగం దూరంలో ఆగి, "ఆఁ" అంది. పలకడం ఆపుకోలేకపోయింది. నేను నలుగురిలో ఏడ్చింది ఆ ఒక్కసారే.

తప్పు ఎక్కడ జరిగిందో ఇప్పుడు చెప్తాను. అది నాదే.

ఆరేడేళ్ల కింద కోదాడలో ఒక స్టూడియో ఆయన మాస్టర్‌ను పిలిపించాడు. అప్పగింతలకు సాక్సోఫోన్ రికార్డు చేస్తాడట, ఫోన్లలో కొత్తగా వదులుతాడట. మాస్టర్‌కు ఆశ పుట్టింది. ఎందుకు పుట్టదు? నలభై ఏళ్లు వాయించిందంతా గాలిలోనే పోయింది. "నేనొకణ్ణి ఉన్ననని ఒక్క తాన పేరుండని అక్కా," అన్నాడు. నాకు కోదాడలో లైనింగు గుడ్డ కొనే పని ఉంది. ఇద్దరం ఒకే బస్సులో పోయాం.

అద్దాల గదిలో నిలబెట్టి వాయించమన్నారు. మాస్టర్ చుట్టూ చూసి, "పిల్ల ఎవరు?" అన్నాడు.

"పిల్లంటూ ఎవరూ లేరు మాస్టారూ. అందరి పెళ్లిళ్లకీ పనికొచ్చేలా ఒకటి కొట్టేయండి," అన్నాడు స్టూడియో ఆయన.

మాస్టర్ వాయించాడు. అందులో ఏమీ లేదు. మళ్లీ వాయించాడు. మూడోసారి మధ్యలోనే ఆపేసి చెమట తుడుచుకున్నాడు. స్టూడియో ఆయన వాచీ చూసుకున్నాడు. నాకు గుండెలో ఒకటే బాధ. ఇంత దూరం వచ్చి వట్టి చేతులతో పోవడమా? పొదుపు బుద్ధి కదా, ఇంట్లో ఉన్నదాన్ని వాడుకోక కొత్తదానికి ఎందుకు దేవులాడాలనిపించింది. తలుపు తోసి అన్నాను: "మా పద్మకు వాయించింది వాయించు మాస్టర్. అది అయిపోయిన పెండ్లే కద, ఎవరికేం నష్టం?"

ఆయన నా మొహం చూసి, వాయిద్యం మళ్లీ ఎత్తుకున్నాడు. తర్వాత కళ్లు మూసుకుని వాయించాడు. స్టూడియో ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. నాకు గర్వంగా ఉంది. బస్సులో కూడా గర్వంగానే కూర్చున్నాను, సిగ్గులేని దాన్ని.

అది ఫోన్లలో పడింది. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ, ఎక్కడ చూసినా అదే. ఎక్కడా సోమయ్య అన్న పేరు లేదు. 'అప్పగింతల సాక్సోఫోన్' అని ఉంది, పక్కన స్టూడియో పేరుంది. వాయిద్యం దానంతటదే మోగిందన్నట్టు!

ఆ ఎండాకాలం హాలియా దగ్గర ఒక పెళ్లి. మాస్టర్ అలవాటు ప్రకారం ముందు రోజే పోయి ఆ తల్లి పిలుపు విని వచ్చాడు. తీరా వాయించడం మొదలుపెట్టగానే పెళ్లికొడుకు మేనమామ ఫోన్ ఎత్తిపట్టి అడ్డం వచ్చాడట. "గిది గాదు మాస్టర్, గిండ్ల ఉన్నది వాయించు. అచ్చం గిట్లనే రావాలె. రాకుంటె చెప్పు, ఫోన్‌లనే పెట్టుకుంటం." మాస్టర్ వాయించాడు. ఆ సాయంత్రం కోటు కూడా విప్పకుండా నా గడప మీదికి వచ్చి కూర్చున్నాడు.

"ఇయ్యాల ఒక పిల్లను ఇంకో పిల్ల పేరు పెట్టి పంపిచ్చిన అక్కా," అన్నాడు. "వాళ్లమ్మ నా దిక్కే సూసుకుంట నిలబడ్డది. తన పిలుపు ఎప్పుడొస్తదా అని."

"నా నోరు పడిపోను. నేనే కద చెప్పింది," అన్నాను.

కాదని అంటాడనుకున్నాను. అనలేదు. "కొలత లేకుండ కుట్టినం అక్కా, ఇద్దరం," అన్నాడు. ఆయన నన్ను ఓదార్చనందుకు ఇప్పటికీ ఆయనంటే నాకు గౌరవం.

నేను కోదాడ పోయాను. ఈసారి గుడ్డ కొనే పనేమీ లేదు, దీనికోసమే పోయాను. ఆయన పేరు ఎందుకు వేయలేదని స్టూడియో ఆయన్ను నిలదీశాను.

"పేరెవరు చూస్తారమ్మా? జనం సాక్సోఫోన్ అని వెతుక్కుంటారంతే. మీరు కూర్చోండి, కూల్‌డ్రింక్ తాగండి," అన్నాడు నవ్వుతూ.

"పేరు ఎవరు సూడకపోతె బయట బోర్డు మీద నీ పేరు గంత పెద్దగ ఎందుకు రాయిచ్చుకున్నవ్?"

నవ్వు పోయింది. పేరు మాత్రం రాలేదు. మూత తీసిన కూల్‌డ్రింకు తాగకుండా బల్ల మీదే వదిలేసి వచ్చాను. ఆ దండగకు నేను ఇప్పటికీ బాధపడను.

ఆ పేరు వెతుక్కుంటూ వచ్చింది ఒకే ఒక్క మనిషి. హైదరాబాదులో జాజ్ అనే సంగీతం వాయించే అమ్మాయి. తనదీ సాక్సోఫోనే. ఫోన్‌లో విని, ఎవరిదని స్టూడియోలో అడిగి, వాళ్లు చెప్పకపోతే బ్యాండు గదులన్నీ తిరిగి మా సందుకు చేరింది. నా మిషన్ పక్కనే ఇద్దరూ కూర్చున్నారు.

"మా దగ్గర కూడా ఒకసారి వాయించింది మళ్లీ అట్లాగే వాయించం మాస్టర్," అంది.

"మరి మీరు ఎవరిని పిలుస్తరమ్మా?"

"తెలియదు మాస్టర్. ఒక్కోరోజు ఎవరూ ఉండరు. ఆ రోజు బాగా రాదు," అంది.

"నాకు గూడ కోదాడల గదే అయింది," అని మాస్టర్ పెద్దగా నవ్వాడు. ఎన్నో నెలల తర్వాత నవ్వాడు. తను కొత్తగా రికార్డు చేస్తానని, పేరు ముందుగా వేస్తానని ఆ అమ్మాయి చెప్పింది. మాస్టర్ నా వైపు తిరిగి, "అక్కా, మిషన్ తొక్కు," అన్నాడు. ఎందుకని అడగకుండా తొక్కాను. నా మిషన్ చప్పుడును పట్టుకుని వాయించాడు, ఆ అమ్మాయి రికార్డు చేసుకుంది. నేను ఆపితే ఆగాడు, దారం తెగితే ఆయన స్వరం కూడా తెగింది. నా జీవితమంతా ఆ చప్పుడు విన్నాను, అది నన్ను పిలుస్తోందని ఎప్పుడూ అనుకోలేదు. ఆ అమ్మాయి మాట నిలబెట్టుకుంది. దాని మీద సోమయ్య అని పేరుంది. మా మనవరాలు ఫోన్‌లో చూపించింది, కూడబలుక్కుని చదువుకున్నాను. వినేవాళ్లు తక్కువట. తక్కువైతే తక్కువ. మాస్టర్ ఆ మరుసటి చలికాలం ఆయాసంతో పోయాడు. పేరు చూసుకునే పోయాడు.

ఇక మిర్యాలగూడ సంగతి. చేయి కడుక్కుని డీజే అతని దగ్గరికి పోయాను. మీసాలు దువ్వుకున్న పెద్దమనిషే. "అప్పగింతలకు ఇది పెట్టొద్దు," అన్నాను.

"గిది లేకుంటె ఏడుపు రాదు అవ్వా."

"ఏడుపు బాక్సులకెల్లి వచ్చుడేంది? తల్లి ఉన్నది కద గాడ. నువ్వు బంజేస్తవా, నన్ను వైరు గుంజుమంటవా?"

వైరు మీద నా చేయి చూసి బంద్ చేశాడు. హాలంతా ఒక్కసారి ఖాళీ అయినట్టయింది. అప్పగింతల టైముకు పాట లేకుండానే పెళ్లికూతురు కారు దగ్గరికి నడుస్తోంది. అందరూ నా మొహమే చూస్తున్నారు. పాట ఆపగలిగాను కానీ, దాని స్థానంలో పెట్టడానికి నా దగ్గర ఏముంది? పెళ్లికూతురు తల్లి సరిత, మా చెల్లెలి కూతురు, కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది. దాని ముందుకు పోయాను.

"నీ బిడ్డను ఎట్ల పిలుస్తవే?"

"గిదేంది పెద్దమ్మా గిప్పుడు, ఇందరి ముంగట…"

"పిలువు."

నోట్లోంచి కొంగు తీసి పిలిచింది. "పండూ… ఓయ్ పండూ… నీళ్ల సీస మర్సిపోతున్నవే!" రోజూ కాలేజీ బస్సు వెనక పరుగెత్తుతూ అరిచే అరుపట అది. చివర కాస్త వంకర తిరిగి, పైకి పోయి విరిగింది. కారు తలుపు పట్టుకున్న పిల్ల గిరుక్కున వెనక్కి తిరిగి, "తేపోవే అమ్మా, లేటైతుంది!" అంది. అన్నాక కానీ దానికి తెలియలేదు తను ఏమన్నదో.

నాకు వాయించడం రాదు. ఆ వంకరను మాస్టర్ ఎట్లా సాగదీసేవాడో నేను చెప్పలేను. కానీ ఆ రోజు నుంచి మిషన్ దగ్గరికి పెళ్లి జాకెట్టు కోసం వచ్చే ప్రతి పిల్లకూ భుజం, ఛాతీ, చేతి పొడవు తీసుకున్నాక, పక్కన నిలబడ్డ తల్లిని ఇంకొకటి అడుగుతున్నాను. చాలామంది నవ్వుతారు. ఆ తర్వాత పిలుస్తారు. రాసుకునేది ఏమీ ఉండదు. టేపు చుట్టి పక్కన పెట్టి, వింటాను.