మీల్ షీట్‌లో నేను రాయని వరుస

కొవిడ్ ఆంక్షలు పూర్తిగా ఎత్తేశాక వచ్చిన రెండో అక్టోబరులో, కువైట్ నుంచి దక్షిణ స్పెయిన్‌కు వెళ్లిన పదమూడు మంది బృందానికి నన్ను టూర్ మేనేజరుగా వేశారు. తొమ్మిది రోజుల ప్రయాణం. సెవిల్, హెరెజ్, కోర్దోబా, గ్రనాడా. బ్రోషర్ మీద పెద్ద అక్షరాలతో 'ఆహార, వైన్ యాత్ర' అని ఉండేది. మందు అమ్మకమే లేని దేశంలో ఇరవై నాలుగేళ్లుగా ఉంటూ, జన్మలో వైన్ ముట్టని రాయచోటి సాయిబును దానికి నాయకుడిగా పంపడంలో ఉన్న తమాషా మా ఆఫీసులో అందరికీ తెలిసింది, నాకు తప్ప. నేను కొత్త బూట్లు కొనుక్కునే సంబరంలో ఉన్నాను.

అప్పటిదాకా నాది టికెటింగ్ కౌంటర్. కువైట్‌లోని అల్ రాయ్‌లో ఒక కార్ల షోరూమ్ పైన మా ట్రావెల్ ఆఫీసు. సెలవుకు ఊరికి పోయేవాళ్లకు, మక్కాకు ఉమ్రా యాత్ర పోయేవాళ్లకు టికెట్లు కొట్టి కొట్టి నా వేళ్లు అరిగిపోయాయి. ఆ ఏడాదే టూర్ సెక్షన్ అని కొత్తగా తెరిచి నన్ను అందులోకి మార్చారు. ఈ పనిలో రెండు హోదాలుంటాయి, జనం వాటిని కలిపేస్తుంటారు. ఊళ్లో నడిపిస్తూ కోటల కథలు చెప్పేది లోకల్ గైడు. బయల్దేరిన దగ్గర నుంచి తిరిగొచ్చేదాకా గదులు, బస్సు, భోజనం, పాస్‌పోర్టులు, అలకలు చూసుకునేది టూర్ మేనేజరు. గైడుకు చప్పట్లు కొడతారు. మేనేజరును వేడినీళ్లు రాలేదని నిద్ర లేపుతారు.

మా బృందం నిజానికి రెండు బృందాలు. ఒకటి కువైట్‌లో ఉద్యోగాలు చేసే నాలుగు భారతీయ జంటలు, వైన్ కోసమే వస్తున్నవాళ్లు. రెండోది జహ్రాలో ఉండే ఉమ్ ఫహద్ అనే కువైటీ పెద్దావిడ, ఆమె చెల్లెళ్లు ముగ్గురు, వాళ్లింట్లో వంట చేసే రమణమ్మ. వాళ్లు వచ్చేది కోటల కోసం, భోజనం కోసం. విడివిడిగా పంపడానికి ఏ బృందంలోనూ తలలు చాలక మా ఆఫీసు మేనేజరు రెండింటినీ ఒకే బస్సులో ఎక్కించాడు. ఆయన లెబనాన్ మనిషి, నవ్వుతూనే మెడ మీద కత్తి పెట్టగలడు. నాతో చెప్పింది ఇంతే. ఉమ్ ఫహద్ కుటుంబం ఎక్కడికి పోయినా మన దగ్గరే టికెట్లు తీసుకుంటుంది. ఆవిడ సంతోషంగా తిరిగొస్తే టూర్ సెక్షన్ ఉంటుంది, అందులో నువ్వూ ఉంటావు. లేదంటే నీ పాత కుర్చీ కౌంటర్ దగ్గరే ఉంది. ఆ కుర్చీ పేరు వింటేనే నాకు నడుం నొప్పి మొదలయ్యేది.

ఉమ్ ఫహద్ ఒక్కటే షరతు పెట్టింది. పంది మాంసం గానీ వైన్ గానీ మా నోటికి రాకూడదు, రాదని నువ్వు రాసి సంతకం పెట్టు అంది. జహ్రాలో వాళ్ల ఇంటి హాల్లో కూర్చుని అరబీలో రాసి పెట్టాను. అది నా సొంత మతానికి సంబంధించిన మాట కూడా కాబట్టి, రాసేటప్పుడు రెండోసారి ఆలోచించలేదు.

ఆ రోజే రమణమ్మను చూశాను. గాలివీడు దగ్గర పల్లె. ఆ ఇంట్లో పదిహేడేళ్లుగా ఉంది. అరబీ వాళ్లకంటే గట్టిగా మాట్లాడుతుంది, ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. ఆ ఇంట్లో ఒక అలవాటు ఉంది. రంజాన్ నెలలో ఇంటిల్లిపాదీ ఉపవాసం ఉంటారు కదా, పొద్దుగూకేలోపు వండే వంటకు ఉప్పూ పులుపూ చూసే నాలుక కావాలి. ఆ నాలుక రమణమ్మది. ఆ నెల అలవాటు ఏడాదంతా పాకింది. ఆమె ఒక చెంచా తిని తల ఊపందే ఉమ్ ఫహద్ ఏదీ నోట్లో పెట్టుకోదు. "మామాకు నేను బాగుందంటేనే ఆకలైతాది అన్నా" అని రమణమ్మ నాతో గొప్పగా చెప్పుకుంది. కువైట్ ఇళ్లలో పనిచేసేవాళ్లు యజమానురాలిని 'మామా' అంటారు.

ఇక నా పని. టూర్‌లో ప్రతి భోజనానికీ ముందుగా హోటలుకు పంపే కాగితాన్ని మీల్ షీట్ అంటారు. ఎంతమంది, ఎన్నింటికి, ఎవరికి ఏది వద్దు అనేవన్నీ అందులో ఉంటాయి. చేరడానికి ఒక రోజు ముందు మళ్లీ ఫోన్ చేసి ఖాయం చేసుకోవాలి. నేను అన్నీ పద్ధతిగా చేశాను. పంది మాంసం వడ్డించరాదు. మాంసం హలాల్ దుకాణం నుంచే తేవాలి. ఐదుగురు కూర్చునే బల్ల మీద వైన్ పెట్టరాదు, ఆ బల్లకు వైన్ పోసిన గ్లాసు వెళ్లరాదు. లోకల్ గైడు ఇనెస్ అనే చురుకైన అమ్మాయి. ఆమె దాన్ని స్పానిష్‌లోకి మార్చి అందరికీ పంపింది. కాగితం నాకే ముద్దొచ్చేటట్టు ఉండింది.

మొదటి మూడు రోజులు సెవిల్‌లో నల్లేరు మీద బండి నడకలా సాగాయి. అక్కడ మధ్యాహ్న భోజనం మూడింటికి, రాత్రి భోజనం తొమ్మిదింటికి. మన జంటలు పన్నెండున్నరకే కడుపులు పట్టుకుని తిరుగుతుంటే, ఇంట్లోనూ ఆలస్యంగానే తినే కువైటీ అక్కచెల్లెళ్లకు మాత్రం సొంత ఇంట్లో ఉన్నట్టే ఉంది. రెండో రోజు బాదం, కుంకుమపువ్వు వేసి వండిన కోడికూర వచ్చింది. రమణమ్మ చెంచా తిని కళ్లు పెద్దవి చేసి తల ఊపింది. ఉమ్ ఫహద్ రెండుసార్లు వేయించుకుని, ఇది నేర్చుకో, ఇంట్లో చెయ్యాలి అని రమణమ్మకు పురమాయించింది. నేను ఆ బల్ల ఫోటో తీసి మేనేజరుకు పంపాను. బొటనవేలు బొమ్మ ఒకటి తిరిగొచ్చింది.

నాలుగో రోజు హెరెజ్. ఆ ఊరు వైన్‌కు పెట్టింది పేరు. ఎత్తైన కప్పుల కింద నల్లటి పీపాలు మూడు వరుసలుగా పేర్చి ఏళ్ల తరబడి ఉంచుతారు. ఆ గిడ్డంగిని బొదేగా అంటారు. జంటలు లోపలికి పోయాయి. అక్కచెల్లెళ్లు, రమణమ్మ బయట నారింజ చెట్ల నీడలో రసం తాగుతూ కూర్చున్నారు. నేను ఉద్యోగ ధర్మంగా గుమ్మంలో నిలబడ్డాను. లోపల రుచి చూపించే ఆయన, చప్పరించాక ఉమ్మేయడానికి ఒక వెండి గిన్నె చూపించాడు. భీమవరానికి చెందిన సూర్యనారాయణ రాజు గారు అనే ఇంజనీరు దాన్ని చూసి గాయపడినట్టు ముఖం పెట్టారు.

"ఏవండీ ఖాదర్ గారూ, కువైట్‌లో పదకొండు నెలలు ఓర్చుకుని ఇంత దూరం వచ్చింది ఉమ్మేయడానికాండీ?"

ఉమ్మడం తప్పనిసరి కాదని ఇనెస్‌ను అడిగి చెప్పాను. ఆయన ముఖం వెలిగిపోయింది. ఆ తర్వాత ఆ గిన్నె ఎవరికీ అవసరం పడలేదు.

భోజనం పక్క వీధిలో. పెద్ద మట్టి పాత్రలో గొర్రె మాంసం పులుసు తెచ్చి ఐదుగురి బల్ల మీద పెట్టారు. ఎర్రగా, చిక్కగా, చూస్తేనే నోరూరేలా ఉంది. బల్ల మీద వైన్ లేదు, గ్లాసుల్లో నీళ్లే. నేను కాగితం మీద టిక్కు పెట్టాను. రమణమ్మ చెంచాతో తీసుకుని వాసన చూసింది. నోట్లో పెట్టుకుంది. నమలడం ఆపేసింది. ఉమ్ ఫహద్ చెయ్యి పళ్లెం మీదే ఆగింది.

రమణమ్మ లేచి నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది. "అన్నా, పొద్దున ఆ పీపాల కొట్టంలోంచి వాసన రాలా? నారింజ చెట్ల కాడికి కూడా కొట్టింది చూడు. అదే ఈ కూరలో ఉండాది."

"బల్ల మీద వైనే లేదు కదమ్మా, ఎట్లొస్తాది?" అన్నాను.

"బల్ల సంగతి నాకెందుకన్నా? కుండ సంగతి అడుగుపో."

ఇనెస్‌తో కలిసి వంటింట్లోకి పోయాను. పెద్ద వంటవాడు చిరునవ్వుతో అరసీసా పోశానని చెప్పాడు. దాచాలన్న ఉద్దేశమే అతనికి లేదు. ఆ ఊళ్లో అది లేకుండా గొర్రె ఉడకదట. కాగితంలో బల్ల మీద వద్దన్నారు, గ్లాసులో వద్దన్నారు, పెట్టలేదు అన్నాడు. అతని మాటలో తప్పు లేదు. తప్పు నాది. కువైట్‌లో ఏ వంటింటి అరలోనూ వైన్ సీసా ఉండదు. ఇన్నేళ్లు అక్కడ ఉన్న నాకు వైన్ అంటే గ్లాసులో పోసేదే గాని, మనం చింతపండు పిండినట్టు కూరలో పోసేది అనే ఆలోచనే రాలేదు. బల్ల మీద పెట్టరాదు అని రాసిన పెద్దమనిషిని, వంటలో వాడరాదు అన్న వరుస రాయలేదు.

ఆ పూటకు రమణమ్మే కాపాడింది. ఇనెస్ చేత వంటవాడిని ఒప్పించి, నెత్తికి వాళ్ల టోపీ పెట్టుకుని, పొయ్యి దగ్గర నిలబడింది. పక్క ఊరి రొయ్యలు, బియ్యం, ఉల్లిపాయలు అక్కడే ఉన్నాయి. మసాలా పొడి, ఎండు నిమ్మకాయలు ఆమె చేతిసంచిలో ఉన్నాయి. యల్లా యల్లా అని వాళ్లను తరుముతూ ముప్పావు గంటలో కువైటీ రొయ్యల అన్నం దించింది. జంటల బల్ల కూడా ఆ అన్నమే కావాలంది. వంటవాడు రెండోసారి పెట్టించుకుని, ఎండు నిమ్మకాయను విరిచి వాసన చూస్తూ ఉండిపోయాడు. కూర ఎందుకు మార్చారని ఉమ్ ఫహద్ అడిగితే, మామా, అందులో వైన్ పోసినారు అని రమణమ్మ చెప్పేసింది. ఆవిడ నా వైపు చూసి తల ఊపింది. సమయానికి పట్టుకున్నామన్న మెప్పే అది. నాకు మాత్రం సెవిల్ కోడికూర గుర్తొచ్చింది, ఆ కుండలో ఏం పోశారో నేను అడగలేదు.

బస్సు ఎక్కే ముందు ఇనెస్‌తో సెవిల్‌లో తిన్న హోటళ్లకు ఫోన్ చేయించాను. రెండు చోట్ల పోయలేదన్నారు. మూడోది ఆ కోడికూర వండిన హోటలు. ఒక గ్లాసు పోస్తాం, అది లేకపోతే ఆ రుచి రాదు అన్నారు. పీపాల వాసన తెలియకముందు రమణమ్మ నాలుకకు అది తెలిసే దారి లేదు.

ఇనెస్ చెప్పొద్దంది. ఆరిపోయిన మంటను ఎందుకు ఊదుతావు అన్నట్టు చూసింది. రమణమ్మ, "నేనైతే నోరు విప్పను, నీ ఇష్టం అన్నా" అంది. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. టూర్ సెక్షన్ నిలుస్తుంది, ఆ పాత కుర్చీ నాకు దూరంగానే ఉంటుంది. భయం వేసింది, దాచడమెందుకు. బస్సులో రెండు గంటలు కిటికీలోంచి ఆలివ్ తోటలు చూస్తూ అబద్ధానికి మంచి మాటలు వెతికాను. బాగానే దొరికాయి కూడా.

కోర్దోబా హోటల్లో దిగి, సాయంత్రం టీ తాగుతున్న ఉమ్ ఫహద్ ఎదుట నిలబడి జరిగింది జరిగినట్టు చెప్పాను. రెండుసార్లు వేయించుకున్న ఆ కూరలోనే ఉందని, రాసి ఇచ్చిన మాట తప్పానని, తప్పు వంటవాళ్లది కాదని చెప్పాను. ఆవిడ కప్పు కింద పెట్టింది. నువ్వు చెప్పకపోతే నాకెవరు చెప్పేవారు అని అడిగింది. ఎవరూ చెప్పేవారు కాదు అన్నాను. తెలియక తిన్నదానికి దేవుడు నన్ను అడగడు, నిన్ను అడుగుతాడేమో నాకు తెలియదు అంది. ఖలాస్, పో అన్నట్టు చెయ్యి ఊపింది.

మిగిలిన రోజులు సలాముకు సలాము, అంతే. నేను ప్రతి హోటల్లో వంటింట్లోకి పోయి కుండల మూతలు తీయించాను. రమణమ్మ నా వెనకే ముక్కు ఎగరేస్తూ వచ్చేది. గ్రనాడా కోటలో సూర్యనారాయణ రాజు గారు నా భుజం తట్టి, "మీరు అంత దిగులుగా ఉంటే మాకు ఎక్కినది దిగిపోతోందండీ" అన్నారు. నవ్వాను గానీ, మనసులో కౌంటర్ కుర్చీకి కొత్త దిండు కొనుక్కోవాలని లెక్క వేసుకున్నాను.

తిరిగొచ్చాక టూర్ మేనేజరు రాయాల్సిన నివేదిక రాశాను. సెవిల్ పేజీ తీసెయ్యమన్నాడు మా మేనేజరు. ఆవిడకు ముందే చెప్పేశానంటే తల పట్టుకుని, నీ కుర్చీ తుడిపించమంటావా అన్నాడు. వారం తర్వాత ఉమ్ ఫహద్ స్వయంగా ఆఫీసుకు వచ్చింది. నా వైపు చూడకుండా మేనేజరు ఎదుట కూర్చుని, వచ్చే వసంతంలో చెల్లెళ్లతో, కోడళ్లతో మళ్లీ వెళ్తున్నామని చెప్పింది. వంటిళ్లు మా రమణమ్మ చూసుకుంటుంది, కాగితాలు ఇతను రాస్తాడు. తప్పు చేస్తే నా దగ్గరికి వచ్చి చెప్పే మనిషిని తీసేసి, దాచే మనిషిని నాకు పంపకు అంది. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. కంప్యూటర్ వెనక్కి వంగి ఏదో వెతుకుతున్నట్టు నటించాను.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా టూర్ సెక్షన్‌లోనే ఉన్నాను. మీల్ షీట్‌లో 'వంటలో వాడరాదు' అన్న వరుస చేర్చాను. అది చాలదని కూడా తెలుసుకున్నాను. ఏది వద్దో మనం రాసి పంపితే మనకు తెలిసినవే రాస్తాం. కుండలో ఏమేం పడతాయో ఒక్కొక్కటి చెప్పమని వంటవాడినే అడిగితే మనకు తెలియనివీ బయటపడతాయి. ఇక కోర్దోబాలో నోరు మూసుకుని ఉంటే ఉద్యోగానికి ఏమీ అయ్యేది కాదేమో. కానీ ఆవిడతో వెళ్లిన ఆ తర్వాతి మూడు యాత్రల్లోనూ ఆవిడ పళ్లెం పక్కన నిలబడి, భోజనం బాగుందా అని అడగడానికి నాకు ముఖం చెల్లేది కాదు. టూర్ మేనేజరు రోజుకు మూడుసార్లు అడగాల్సిన మాట అది.