రంగూన్ హోటల్లో అమ్మ ఎత్తిన ఆకు

నాకు అక్షరాలు జుట్టు నెరిశాక వచ్చాయి. అమ్మ అప్పటికే పోయింది. ఆమె ఉండగా నోటితో ఒప్పుకోలేని సంగతి ఒకటి ఇక్కడ రాసి పెడుతున్నాను.

యుద్ధం జరుగుతున్న రోజుల్లో నరసరావుపేట స్టేషన్‌కు పోయే దారిలో ఒక హోటల్ ఉండేది. బర్మా నుంచి నడిచి వచ్చిన ఒకాయన పెట్టాడు. బోర్డు లేకపోయినా అందరూ రంగూన్ హోటల్ అనేవాళ్ళు. బియ్యప్పిండిని దారాల్లాగా వత్తి, ఆవిరి మీద ఉడికించి, పైన కొబ్బరిపాలూ ఎండురొయ్యల పొడీ వేసిన చారు పోసేవాడు. మొదట్లో జనం "వానపాములు ఉడకేశాడ్రా" అని నవ్వారు. ఆ చారులో మన మిరపకాయ దంచి కలపడం మొదలుపెట్టాక మాత్రం బల్ల దొరకడమే కష్టమైంది.

ఆ హోటల్ గోడల మీద బొమ్మలు వేసింది మా అమ్మ.

మాది చర్చికి పోయే కూలి కుటుంబం. పండగొస్తే ఊరి బయట ఉండే మా పల్లెలో ఇళ్ళ గోడలకు ఎర్రమట్టి పూసి, సున్నంతో బొమ్మలు వేసేది అమ్మే. ఊళ్ళో రైతుల ఇళ్ళకూ వేసేది గానీ బయటి గోడల వరకే. లోపలికి రమ్మన్నవాళ్ళు లేరు. హోటళ్ళలోనూ అంతే. మాకు టీ బయట, వేరే గ్లాసులో ఇచ్చేవాళ్ళు. తాగి మేమే కడిగి బోర్లించాలి. రంగూన్ ఆయనకు ఆ పట్టింపు లేదు. "అడవిలో ఎవరు నీళ్ళిస్తే వాళ్ళ చేతి నీళ్ళు తాగి బతికామమ్మా. ఇప్పుడు ఊళ్ళోకొచ్చి కులం అడగనా?" అన్నాడట అమ్మతో.

అమ్మ నాలుగు రోజులు వేసింది. కొమ్ములు తిరిగిన ఎడ్లు, కృష్ణలో తిరిగే పుట్టిపడవ, కల్లంలో మిరపకాయలు ఏరే ఆడవాళ్ళు. ఆడవాళ్ళు కూర్చునే వైపు గోడంతా ఎత్తిపోతల జలపాతం. చిన్నప్పుడు మాచర్ల వైపు కూలికి పోయినప్పుడు చూసిందట. ఏమిమ్మంటావని ఆయన అడిగితే, "ఏమొద్దయ్యా. కొత్తగా పెళ్ళైన నా బిడ్డనీ అల్లుణ్ణీ, వాళ్ళతో పాటు నన్నూ, ఒక్కపూట లోపల కూచోబెట్టి పెట్టు" అంది. అమ్మ తనకోసం ఏదైనా అడగడం నేను చూసింది అదొక్కసారే.

ఒక మధ్యాహ్నం ముగ్గురం వెళ్ళాం. నాకు పదహారేళ్ళు. పెళ్ళి చీర కట్టుకున్నాను. మా ఆయన ముందు బల్ల దగ్గర కూర్చున్నాడు. ఆడవాళ్ళకు తడిక అడ్డం కట్టిన చోటు విడిగా ఉండేది. అమ్మ "కాళ్ళు కడుక్కొనొస్తా, నువ్వు పో" అని పెరట్లోకి వెళ్ళింది.

తడిక వెనక ఇద్దరు ఆడవాళ్ళు తింటున్నారు. రైలు కోసం వచ్చినవాళ్ళు. వాళ్ళలో పెద్దామె నన్ను చూసి పక్కకు జరిగి, "దా అమ్మాయ్, కూర్చో. కొత్త పెళ్ళికూతురివా?" అంది. అలాంటి పెద్దకులాల వాళ్ళు నాకోసం జరగడం అదే మొదలు. విస్తరి మీద ఆకుదొప్ప పెట్టి చారు పోశారు. కళ్ళలో నీళ్ళు తిరిగే కారం. ఆ వెనకే కొబ్బరిపాల తీపి.

"ఆ నీళ్ళు చూడవే, మన మీద పడేట్టున్నయ్. ఎవరేశారో, ఆ చేతికి దణ్ణం పెట్టాలి" అంది పెద్దామె రెండో ఆమెతో.

మా అమ్మేనని నోటి దాకా వచ్చింది. చెబితే ఏ పల్లె అని అడుగుతారు. అది చెబితే లేచి వెళ్ళిపోతారో, నన్నే లెమ్మంటారో. తల వంచుకుని తింటూ ఉన్నాను.

అంతలో అమ్మ తడిక దగ్గరకు వచ్చింది. ఉన్నవాటిలో మంచి చీరే కట్టుకుంది గానీ గోళ్ళలో సున్నం పోలేదు. నన్ను చూసి నవ్వింది. పెద్దామె అటు చూసి, "ఆకులెత్తే మనిషల్లే ఉంది. ఇంకా తింటన్నాం, కాసేపాగి రా" అంది. మళ్ళీ నా వైపు తిరిగి, "నీతో వచ్చిందా ఏంది?" అని మామూలుగానే అడిగింది.

"కాదు" అన్నాను.

అమ్మ తన ఎత్తిపోతల కింద గోడకు ఆనుకుని నిలబడింది. వాళ్ళు తిని లేచాక వచ్చి, వంగి, వాళ్ళ విస్తళ్ళు ఎత్తింది. తర్వాత నా దగ్గరకు వచ్చింది. నా దొప్పలో ఇంకా సగం ఉంది. వాళ్ళు చేతులు కడుక్కుంటూ అక్కడే ఉన్నారు.

"తీసేదా అమ్మగారూ?" అంది అమ్మ.

తల ఊపాను. రైతుల పెళ్ళిళ్ళలో ఎంగిలాకులు ఎత్తడం మాకు కొత్త కాదు. ఆమె వెనకే నేనూ ఎత్తినదాన్ని. నా ఆకు ఆమె చేతిలోకి పోతుంటే మాత్రం చూడలేక గోడ వైపు తిరిగాను.

పెరట్లో హోటలాయన గొంతు వినిపించింది. "నువ్వెందుకు తీస్తన్నావమ్మా? నువ్వింకా తిన్లేదుగా."

"కడుపులో బాలేదయ్యా. ఇంకోనాడు తింటాలే."

బయటికొచ్చాక మా ఆయన, "అత్త తిన్నదా?" అని అడిగాడు. "తిన్నది" అన్నాను. అమ్మ వెనకే ఉంది.

ఇంటికి నడుస్తున్నాం. మా ఆయన ముందు పోతున్నాడు. అమ్మ గొంతు తగ్గించి, "ఎట్టుందే?" అంది.

"ఏంది?"

"ఆ చారే. చెప్పు. రేపు అల్లుడు అడిగితే నేనేం చెప్పాలి?"

చెప్పాను. కారం సంగతి, ఆ వెనక వచ్చే తీపి సంగతి. అమ్మ తల ఊపుతూ వింది. క్షమించమని ఆ దారిలోనే అడగవలసింది. రుచి చెబుతూ ఇల్లు చేరాను.

మర్నాడు నీళ్ళ దగ్గర ఆడవాళ్ళు అమ్మను పట్టుకున్నారు.

"ఏం వదినా, రంగూన్ కూడు తిన్నావంట గదా. కదిలినయ్యా వానపాములు?"

"నీకు పళ్ళు లేవుగా, నీ నోట్లోనైతే కదిలేయేమో."

"నిజంగా లోపలికి రానిచ్చాడా?"

"నా ఎత్తిపోతల కిందే ఉన్నా."

"రుచెట్టుందే?"

"చానా కారం. కళ్ళల్లో నీళ్ళొస్తయ్. ఆ ఎనకే తియ్యగా వస్తది."

యుద్ధం అయ్యాక ఆయన హోటల్ ఎత్తేసి వెళ్ళిపోయాడు. తర్వాత వచ్చినవాళ్ళు గోడలకు తెల్లసున్నం కొట్టేశారు. అమ్మ ఆ తర్వాత చానాళ్ళు బతికింది. ఆ చారు మాత్రం ఒక్కనాడూ తిననే లేదు. చుట్టాలెవరు వచ్చినా మా ఆయన, "మా అత్త రంగూన్ హోటల్లో తిన్నది" అని చెప్పేవాడు. వాళ్ళు అడిగితే అమ్మ ఆ నాలుగు మాటలే చెప్పేది. మధ్యలో ఎక్కడో ఆగి నా వైపు చూసేది.

"ఇంకేందో ఏశాడు గదే అందులో?"

"ఎండురొయ్యల పొడి" అనేదాన్ని.

"ఆఁ, రొయ్యల పొడి" అని మళ్ళీ అందుకునేది.