సెలవు డాక్టరమ్మ చీటీలు

ఏ ఆసుపత్రిలోనైనా డాక్టరు సెలవు పెడితే ఆవిడ దిగేది. కాలు విరగ్గొట్టుకున్నాయనకు బదులు రెండు నెలలు, పురిటికి వెళ్ళినావిడకు బదులు నాలుగు నెలలు, తమ్ముడి పెళ్ళికి వెళ్ళినాయనకు బదులు పది రోజులు. ఎక్కడా ఉద్యోగి కాదు. ఒప్పంద కాగితం మీద సంతకం, దాని మీద ఒక గడువు, గడువు తీరగానే సంచి సర్దుకోవడం. ఇరవయ్యేడేళ్ళు అలాగే గడిచాయి. జనం 'సెలవు డాక్టరమ్మ' అని పిలిస్తే ఆవిడేమీ చిన్నబుచ్చుకోలేదు. అప్పట్లో పిల్ల చిన్నది, అత్తగారు మంచం పట్టి ఉంది. ఏడాదిలో సగం రోజులు ఇంటిపట్టున ఉండనిచ్చే పని అదొక్కటే దొరికింది. తర్వాత అలవాటైపోయింది.

ఇంటాయన లెక్కల మాస్టారు. ఆయన నోరు ఊరుకునేది కాదు.

"మన పెళ్ళికి కూడా నువ్వు ఎవరికో బదులు వచ్చుంటావు. అసలావిడ సెలవు అయిపోయి ఎప్పుడొస్తుందా అని చూస్తున్నాను," అనేవాడు.

"రానివ్వండి. మీకు ఉప్పు తగ్గించమని చీటీ రాసిపెట్టి మరీ వెళ్తాను," అనేది ఆవిడ.

ఆ చీటీ ఆవిడ పద్ధతి. గడువులో ఆఖరి రోజున కూర్చుని, తిరిగి రాబోయే డాక్టరుకు ఒక కాగితం రాసేది. ఫైళ్ళలో ఉండే సంగతులు కావు అవి. 'మూడో మంచం తాతకు కుడిచెవి వినబడదు, ఎడమవైపు కూర్చోండి. పోస్ట్‌మాన్ బీపీ మాత్రలు వేసుకుంటున్నానంటాడు, వేసుకోడు. భార్యను అడగండి.' ఇలా ఉండేవి. కింద పేరు పెట్టేది కాదు. 'మీ బదులు వచ్చిన డాక్టరు' అని రాసి సొరుగులో ఉంచేది. రోగులు ఆ డాక్టరు మనుషులు, తాను మధ్యలో కాస్త చూసిపెట్టింది, అంతే అనుకునేది. అదే లెక్కన కుర్చీ కూడా ఆయనదే కదా అని దాని ఎత్తు ఎక్కడా మార్చలేదు. మనిషేమో పొట్టి. ఇరవయ్యేడేళ్ళూ పరాయి కుర్చీల్లో కాళ్ళు వేలాడేసుకునే వైద్యం చేసింది.

వదిలి వచ్చిన రోగి గురించి మళ్ళీ అడగకూడదన్నది కూడా ఆవిడ పెట్టుకున్న నియమమే. ఆ నియమం ఒక్కచోట ఆవిడ ప్రాణం తోడేసింది.

ఇరవై రెండేళ్ళ కిందటి మాట. ఒక చిన్న ఆసుపత్రిలో పది రోజుల పని. ఆఖరి సాయంత్రం అయిదింటి బస్సుకు సంచి భుజాన వేసుకుంటుండగా కుట్టుపని చేసే అమ్మాయి ఒకతె కడుపు పట్టుకుని వచ్చింది. బొడ్డు చుట్టూ కాస్త నొప్పి. నొక్కి చూస్తే పెద్దగా ఏమీ తెలియలేదు. "బడి యూనిఫారాలు రేపటికి ఇవ్వాలమ్మా, ఏదో ఒక మాత్ర ఇచ్చేయండి," అంది. మాత్రలిచ్చి, పొద్దున్నే వచ్చి అసలు డాక్టరుకు చూపించుకోమని గట్టిగా చెప్పింది. బస్సు సగం దూరం వెళ్ళాక ఆవిడకు తట్టింది. ఇంకో గంట ఆగి మళ్ళీ చూడాల్సింది. ఆగలేదు. ఆ పిల్ల రేపు రాకపోతే?

ఏమైందో తెలియదు. అడిగే ధైర్యం లేకపోయింది. ఆ తర్వాత ఆ ఆసుపత్రి నుంచి రెండుసార్లు పిలుపు వస్తే రెండుసార్లూ ఏదో వంక చెప్పి తప్పించుకుంది. కుట్టుమిషన్ చప్పుడు వినిపిస్తే ఈనాటికీ వీధి దాటి అవతలి వైపున నడుస్తుంది.

ఇప్పుడు మూడోసారి పిలుపొచ్చింది. అప్పుడు తను బదులు చేసిన డాక్టరే చూపు తగ్గి పని మానుకున్నాడు. ఆయన చోట శాశ్వతంగా ఉండమన్నారు. మాస్టారు సంబరపడ్డాడు. ఆవిడ మాత్రం కూరలు తరుగుతున్న కత్తిపీట పక్కకు జరిపి, కుట్టుపని పిల్ల సంగతి మొదటిసారిగా ఆయనకు చెప్పింది.

"ఆ పిల్ల పోయి ఉంటే నేనా కుర్చీలో కూర్చోలేనండీ."

మాస్టారు ఈసారి హాస్యమాడలేదు. "వెళ్ళి అడిగిరా. ఏ జవాబైనా ఇరవై రెండేళ్ళు మోసినదానికంటే బరువుండదు," అన్నాడు.

మర్నాడు ఉదయం వెళ్ళింది. అదే గది, కిటికీకి అదే ఆకుపచ్చ రంగు, బరువు తూచే యంత్రం ఇప్పటికీ గోడకు ఆనుకునే నిలబడి ఉంది. అప్పటి నర్సు జుట్టు నెరిసింది కానీ నడకలో వేగం తగ్గలేదు. ఆవిడను చూడగానే చేతులు పట్టుకుంది.

"ఎన్నాళ్ళకొచ్చారమ్మా. డాక్టరుగారు సెలవు పెట్టిన రెండుసార్లూ, ఆ కాళ్ళు వేలాడేసుకునే డాక్టరమ్మనే పిలవండి అన్నారు. మీకు కుదరదన్నారట. మీకోసం ఒకటి దాచారు."

నర్సు సొరుగు లాగి పసుపెక్కిన కాగితం తీసింది. తన చీటీయే. పదకొండు వరుసలు. ప్రతి వరుస కిందా పెన్సిలుతో సన్నటి రాత. మూడో మంచం తాత కింద: 'ఎడమచెవి కూడా పోయింది. ఇప్పుడెటు కూర్చున్నా ఒకటే.' పోస్ట్‌మాన్ కింద: 'భార్యను అడిగాను. ఆవిడకూ బీపీ, ఆవిడా వేసుకోవడం లేదు.' నవ్వొచ్చింది ఆవిడకు. ఆ నవ్వుతోనే చూపు పదకొండో వరుస మీదికి జారి ఆగిపోయింది.

'కుట్టుపని అమ్మాయి, కడుపునొప్పి, రేపు రమ్మన్నాను. రాకపోతే దయచేసి ఊరుకోవద్దు.'

ఆ ఆఖరి మాట రాసినట్టు ఆవిడకు గుర్తే లేదు. బస్సు ఎక్కడం ఒక్కటే గుర్తుండిపోయింది.

కింద పెన్సిలు రాత: 'రాలేదు. మీరు ఊరుకోవద్దన్నారని మధ్యాహ్నం నేనే వెళ్ళాను. అపెండిక్స్. పెద్దాసుపత్రిలో ఆపరేషన్ అయింది. క్షేమం. అప్పుడే మిషన్ తొక్కొద్దంటే వినడం లేదు.'

ఆవిడ కాగితం ఒళ్ళో పెట్టుకుని, పక్కన నర్సు ఉందని కూడా చూసుకోకుండా ఏడ్చింది. ఇరవై రెండేళ్ళుగా ఈ సొరుగులో తనకోసం కూర్చున్న జవాబుకు తనే మొహం చాటేసింది. నర్సు మంచినీళ్ళు తెచ్చి బల్ల మీద పెట్టింది.

"ఆ అమ్మాయి ఇప్పుడెక్కడుంది?" అంది చివరికి.

"పక్క వీధిలోనేనమ్మా. ఈ తలుపు తెర కుట్టింది ఆవిడే. ఇంతకీ, ఆసుపత్రి కమిటీవాళ్ళు ఉద్యోగం కాగితం పంపారు. సంతకం పెడతారా?"

ఆవిడ కళ్ళు తుడుచుకుని పెన్ను తీసింది. సంతకం చేసి, కింద తన పేరు పూర్తిగా, గుండ్రంగా రాసింది. తర్వాత వంగి కుర్చీ కింద తడుముకోసాగింది.

"ఏం పడిపోయిందమ్మా?"

"ఏమీ పడలేదు. ఈ కుర్చీ కిందికి దించాలి. మర ఎటు తిప్పుతారు?"

తుప్పు పట్టిన మర కీచుమంది. నర్సు రెండు చేతులా తిప్పుతుంటే కుర్చీ కొంచెం కొంచెంగా దిగింది. అందులో కూర్చుంటే ఆవిడ పాదాలు నేలకు ఆనాయి.