అక్క చదివిన సమీక్ష

ఇప్పుడు మా ముగ్గురి గురించి ఎవరెంత గొప్పగా రాసినా ఒకసారి చదివి పక్కన పెట్టేస్తాను. మొదటిసారి అలా కాదు. చెన్నైలో మేం చేసిన కచేరీని ఒక ఇంగ్లిష్ పేపరు బుధవారం నాడు అరపేజీ మెచ్చుకుంది. పియానో నాది, వయొలిన్ మా చిన్నాన్న కూతురిది, చెల్లో మా వీధి అబ్బాయిది. ఇరవై నిండీ నిండని వయసు. మా ఊరు వాకాడు పేరు ఆ పేపర్లో కనపడేసరికి బస్టాండులోనే గంతులేశాం. ఎంత మంచి రోజులో!

ముగ్గురికీ నొటేషన్ చదవడం నేర్పింది మా చర్చి అక్క. బడిలో ఇంగ్లిష్ టీచరు. చర్చిలో దొరల కాలం నాటి పియానో వాయించేది. ఉప్పుగాలికి దాని మెట్లు ఉబ్బి, నొక్కితే పైకి లేచేవి కావు. "వేలితో లేపి వాయించు మే, దేవుడు కాచుకోనుంటాడులే" అని నవ్వేది. పదేళ్లు అలాగే నేర్చుకున్నాం.

కచేరీ అయ్యాక సమీక్ష రాసే పెద్దాయన వచ్చి, మీకు నేర్పిందెవరని అడిగాడు. పక్కన మిగతా కళాకారులు లండన్ గురువుల పేర్లు చెబుతున్నారు. నాకు సిగ్గేసింది. "ఎవరూ లేరు సార్, వీడియోలు చూసి మేమే నేర్చుకున్నాం" అనేశాను. నా నోరు పడిపోను! ఆ మాట అలాగే అచ్చయింది. అక్క కంట పడకూడదని ప్రార్థన కూడా చేశాను.

మా చర్చికి బయటి ప్రసంగీకులు వస్తే, వాళ్లు ఇంగ్లిష్‌లో ఒక్కో వాక్యం చెప్పడం, పక్కన ఒకరు నిలబడి తెలుగు చేయడం అలవాటు. ఆదివారం పాస్టరుగారు ఆ పేపరు తెచ్చి, అక్కను చదవమన్నారు, నన్ను తెలుగు చేయమన్నారు. అక్క చదువుతోంది, నేను చెబుతున్నాను, జనం చప్పట్లు కొడుతున్నారు.

ఆ వాక్యం రానే వచ్చింది. దాటేస్తుందేమోనని ఆశపడ్డాను. అక్క తడబడకుండా చదివి, మైకు నా వైపు తిప్పింది.

"వీళ్లకు నేర్పింది మన అక్కేనని రాశారు" అన్నాను. చర్చంతా చప్పట్లు.

"పేపర్లో అట్లా లేదు మే. ఉండేది ఉన్నట్టు చెప్పు" అంది అక్క.

"మాకు గురువే లేరని ఉంది. అట్లా చెప్పింది నేనే. అబద్ధం చెప్పినాను" అన్నాను.

అక్క మైకును అరచేత్తో మూసింది. "నాలుగు దినాలుగా అన్నం సయించలేదు మే నాకు. ఈపొద్దు ఇంటికి రా, ఇద్దరం తిందాం" అని నా చెవి దగ్గర చెప్పి, మళ్లీ పేపరు ఎత్తింది.

మిగిలిన ఆఖరి వాక్యం నా పియానో గురించి. ఏడుపుతో నాకు మాట రాలేదు. నా మీద రాసిన ఆ పొగడ్తను అక్కే తెలుగు చేసి, చర్చంతటికీ వినిపించింది.