బండి కింద చూసే మనిషి

నిన్న మధ్యాహ్నం రత్నకుమారి పంపిన వాయిస్ మెసేజ్‌లో ఆమె మాటల కంటే ముందు ఆమె అడుగుల చప్పుడు వినిపించింది. కరకర, కరకర. మంచు మీద నడుస్తూ మాట్లాడుతోంది. రత్నకుమారి భీమవరం దగ్గరి పిల్ల. ఒమన్‌లో, సీబ్‌లో మా వీధిలోనే ఉండి తొమ్మిదేళ్లు నర్సుగా చేసి, మొన్న కెనడాలో ఒక చలి ఊరికి వెళ్లింది. "వందనాలు అన్నయ్యా. ఇక్కడ కారు లేకపోతే డ్యూటీకి వెళ్లలేం. పాత బళ్లమ్మే ఆయన నాలుగు చక్రాలూ తిరిగేదే తీసుకో, మంచులో ఇంక భయమే ఉండదంటన్నాడు. మా వార్డులో అమ్మాయేమో ముందు చక్రాలు తిరిగేది చాలంటంది. నువ్వు లెక్కేసి చెప్పు" అని అడిగింది. నేను మాత్రం ప్రశ్న సగమే విన్నాను. ఆ కరకరమనే చప్పుడు నన్ను పదకొండేళ్లు వెనక్కి లాక్కుపోయింది. నేను మంచులో ఎప్పుడూ నడవలేదు. వడగళ్ల మీద ఒక్కసారి నడిచాను, జబల్ అఖ్దర్ కొండ మీద. ఆ రోజు తలుచుకుంటే నాకు ఇప్పటికీ చలి వేయదు, ఒళ్లు మండుతుంది.

నాకు బండి లెక్కలు నేర్పినవాడు సత్తయ్య. మాకు సత్తన్న. మెట్‌పల్లి పక్క పల్లె నుంచి వచ్చిన డ్రైవర్. ఏడో తరగతి దాటలేదు. కళ్లద్దాల కాడ ఒకటి విరిగితే దారంతో చెవికి కట్టుకునేవాడు. నేను పది తప్పి ఒమన్ వచ్చి, సైట్‌లో ఇటుకలు మోస్తూ, సిమెంటు సంచుల మీద లెక్కలు వేసుకుంటూ టైమ్‌కీపర్‌నయ్యాను. కంపెనీలో అందరూ నా కూడికలు చూసి మెచ్చుకునేవారు, సత్తన్న ఒక్కడే ఏది కూడుతున్నానో అడిగేవాడు. ఆయన దగ్గర ఎప్పుడూ ఒక అట్ట ముక్క ఉండేది, నీళ్ల బాటిళ్ల పెట్టెను విప్పి చదును చేసినది. రోజూ పొద్దున తాళం ముట్టుకోకముందే ఆ అట్ట నేల మీద పరిచి, వెల్లకిలా పడుకుని, బండి కిందికి జరిగేవాడు. రూమ్‌వాళ్లు ఊరుకునేవారు కారు. "సత్తన్న మల్ల పండిండు, రాత్రి నిద్ర సాలలేదట" అని ఒకడంటే, "బండి పాలిస్తుందేమో చూస్తుండు" అని ఇంకొకడు. ఆయన కింద నుంచే జవాబిచ్చేవాడు. "మీరు మొఖం చూసి ఎక్కుతరు. నేను కడుపు చూసి ఎక్కుత. దిగేటప్పుడు తెలుస్తది ఎవనిది షోకో."

ఇబ్రి దగ్గర పనిచేస్తున్నప్పుడు కంకర క్రషర్ పక్కన ఒక వేబ్రిడ్జి ఉండేది. ఒక శుక్రవారం సత్తన్న మా ఖాళీ పికప్‌ను అక్కడికి తీసుకెళ్లి, ముందు చక్రాలు మాత్రమే తూకం మీద ఉండేలా ఆపాడు. "రాసుకో తమ్మీ." వెయ్యీ అరవై కిలోలు. తర్వాత బండి మొత్తం ఎక్కించాడు. వెయ్యీ ఎనిమిది వందలు. "తీసెయ్. ఎన్కకు ఎంత మిగిలింది?" ఏడు వందల నలభై. "ఇంజన్ తిప్పేది ఏ చక్రాలను?" వెనకవాటిని. "అంటే ఈ బండి బరువుల వందకు ఎంత పనికొస్తుంది?" నలభై ఒకటి అన్నాను. "గందుకే ఇసుకల కూసుంటది. అందుకే ఎన్క ఇసుక సంచులేస్త. మీరేమో సత్తన్నకు పిచ్చి అంటరు." తర్వాత క్రషర్ గుమాస్తాను బతిమాలి అతని చిన్న కారును ఎక్కించాడు. దాంట్లో ఇంజను ముందే, తిరిగేవి కూడా ముందు చక్రాలే. మొత్తం వెయ్యీ నూట నలభై, అందులో ముందు ఆరు వందల తొంభై. వందకు అరవై. బొమ్మలాంటి ఆ కారు మా పికప్ కంటే తన బరువును ఎక్కువగా వాడుకుంటోందని కాగితం మీద చూసి నోరు తెరిచాను.

"మరి నాలుగూ తిరిగితే వందకు వంద గదా అన్నా?" అన్నాను, ఏదో కనిపెట్టినట్టు.

"లాగుటానికి. ఆపుటానికి గాదు" అన్నాడు సత్తన్న. "బ్రేకులు ఏ బండికైనా నాలుగింటికి ఉంటయి. ఆగుడు టైరు చేతుల ఉంటది. ఈ ముచ్చట చెప్పకుండ బండి అమ్మెటోడు సగం అబద్ధమోడు." ఆ సాయంత్రం నేను నోటుబుక్కులో కొత్త పేజీ తీసి బండ్ల పేర్లు, బరువులు రాసుకున్నాను. నా జీవితంలో నాకు నచ్చి మొదలుపెట్టిన మొదటి పుస్తకం అదే.

తరువాతి చలికాలంలో మమ్మల్ని జబల్ అఖ్దర్ మీద అతిథి గృహం పనికి పంపారు. రూములు కొండ కింద, సైట్ పైన. ఆ దారి ఎంత నిటారుగా ఉంటుందంటే, నాలుగు చక్రాలూ తిరిగే బండి అయితేనే కింద పోలీసులు పైకి వదులుతారు. ఎక్కడం కోసం కంటే దిగడం కోసమే ఆ నియమం. చిన్న గేరులో దిగుతుంటే ఇంజనే నాలుగు చక్రాలనూ పట్టి ఉంచుతుంది, బ్రేకులు కాలిపోవు. తొమ్మిది మంది మేస్త్రీలను, కూలీలను తీసుకుపోయే పాత జీపు ఒకటి ఉండేది. బయలుదేరేముందు దాని చెక్‌లిస్టు నింపే పని నాది. టైర్లు, లైట్లు, బ్రేకు, నాలుగు చక్రాలు. జనవరిలో ఆ జీపు ముందు భాగంలో ఏదో విరిగింది. మా ట్రాన్స్‌పోర్ట్ ఇన్‌ఛార్జ్ నరేందర్ దాన్ని వర్క్‌షాపుకు పంపి రెండు రోజుల్లో తెప్పించాడు. సత్తన్నను నీళ్ల ట్యాంకరుకు మార్చి, జీపును కొత్త కుర్రాడికి ఇచ్చాడు. నేను బండి కార్డు చూశాను, నాలుగు చక్రాలనే ఉంది. నాలుగు చక్రాలు కలిపే మీట లాగాను, కదిలింది. ముందు అద్దం కింద నాలుగు చక్రాల బొమ్మ వెలిగింది. టిక్కు పెట్టాను. నాలుగు రోజులు నాలుగు టిక్కులు.

ఐదో రోజు నేను కూడా పైన ఉన్నాను. మధ్యాహ్నం రెండు దాటాక ఆకాశం నల్లబడి, గోలీకాయలంత వడగళ్లు అరగంట కురిశాయి. ఆగేసరికి రోడ్డంతా తెల్లగా ఉంది. అడుగు వేస్తే కరకర. పని ఆపి కిందికి రమ్మని ఫోను వచ్చింది. కొత్త డ్రైవర్ ఆ రోడ్డు చూసి, ట్యాంకరుతో పైకి వచ్చి ఉన్న సత్తన్నను బతిమాలాడు, జీపు నువ్వే దించన్నా అని. సత్తన్న ఎప్పటిలాగే అట్ట తీసి వడగళ్ల మీద పరిచాడు. తొమ్మిది మందీ అప్పటికే బండిలో ముడుచుకుని కూర్చున్నారు. "అన్నా, ఇప్పుడు పండకే, గడ్డకట్టి చస్తున్నం" అని అరిచారు. కింద నుంచి ఆయన, "రాజన్నా, ఇటు రా" అన్నాడు. నేను ఆయన పక్కన పడుకుని చూశాను. ఇంజను నుంచి ముందు చక్రాలకు బలం తీసుకుపోయే ఇనుప కడ్డీ ఉండాల్సిన చోట గాలి ఉంది. విరిగిన భాగం బాగు చేసే బదులు కడ్డీనే ఊడదీసి, ఆ రంధ్రానికి రేకు మూత వేసి, నాలుగు బోల్టులు బిగించారు. ఇది పొరపాటు కాదు. పొరపాటు చేసినవాడు అంత శ్రద్ధగా మూత బిగించడు. పైన బొమ్మ వెలుగుతూనే ఉంటుంది, కార్డు మీద అక్షరాలు మారవు, బండి మాత్రం వెనక రెండు చక్రాలదే. దిగేటప్పుడు బరువంతా ముందుకు జారుతుంది, ఇంజను పట్టుకునేదేమో తేలికైపోయిన వెనక చక్రాలను. వడగళ్ల మీద ఆ రెండూ జారితే తోక తిరుగుతుంది. పక్కన లోయ. నేను లెక్క వేయలేదు. వేయాల్సిన అవసరం లేదు.

సత్తన్న లేచి, తాళం తీసి బనియను జేబులో వేసుకున్నాడు. "దిగుండ్రి అందరు. ఈ బండి కదలది." అప్పుడు మొదలైంది గొడవ. "ట్యాంకర్ చాలదా, జీపు కూడ నీదేనా?" అని ఒకడు. "నీ కోపం నరేందర్ మీద తీర్చుకో, మా మీద గాదు" అని ఇంకొకడు. ఫోను స్పీకరులో నరేందర్ గొంతు. మా జిల్లావాడే. "సత్తన్నా, నువ్వు డ్రైవర్‌వా, ఇంజనీర్‌వా? నాలుగు రోజులు ఎట్ల దిగిందో గట్లనే దిగుతది. తాళం ఇయ్యి."

"నాలుగు రోజులు రోడ్డు ఎండి ఉండె. ఇయ్య లేదు. నీ తమ్ముని కూసోబెట్టు ఇండ్ల, అప్పుడు ఇస్త."

"నీ సంగతి ఆఫీసుల చెప్త."

"చెప్పు. తొమ్మిది మంది సుత నడిసొచ్చి వింటరు."

సగం కట్టిన గదిలో, గోడకు ఆనుకుని, సిమెంటు సంచుల పట్టాలు కప్పుకుని రెండు గంటలు కూర్చున్నాం. తొమ్మిది మందిలో ఒక్కడూ సత్తన్న వైపు చూడలేదు. ఎండ వచ్చింది, తెలుపు పలచబడింది. పక్క తోటలో దానిమ్మలు పండించే ఒక ఒమనీ ముసలాయన సంగతేమిటని వచ్చాడు. సత్తన్న వేలు చూపిస్తే, పాదాల దాకా ఉన్న తెల్లని దిశ్దాషా అంగీ తడుస్తున్నా లెక్కచేయకుండా వంగి జీపు కిందికి చూశాడు. తలెత్తి మా అందరినీ ఒక్కొక్కరిగా చూశాడు. తన బండి తెచ్చి, రెండు విడతల్లో అందరినీ కిందికి దించాడు. ఎవరమో తెలియని ఆయన మా ప్రాణాలకిచ్చిన విలువ, మా జిల్లావాడు ఇవ్వలేదు.

మరుసటి రోజు ఆఫీసులో మేనేజర్ ముందు నరేందర్ నాలుగు కాగితాలు పరిచాడు. నా చెక్‌లిస్టులు. "చూడుండ్రి సార్, రోజూ నాలుగు చక్రాలు ఓకే అని రాజన్న సంతకం ఉంది. బండి మంచిగనే ఉంది. ఈయన డ్యూటీ ఎగ్గొట్టి తాళం దాచిండు." మేనేజర్ నన్ను అడిగాడు, "నువ్వు చూసే పెట్టావా?" నేను బండి కింద చూడలేదని చెప్పాలి. చెబితే నా ఉద్యోగం పోతుంది. "కార్డులో ఉంది సార్" అన్నాను. మూడు మాటల్లో నిజం లేకుండా అబద్ధం లేకుండా తప్పించుకున్నాను. మేనేజర్ జీపు దగ్గరికి వెళ్లి వంగి చూడలేదు. రోడ్డు ఎండాక కిందికి తెచ్చిన బండి ఇరవై అడుగుల దూరంలో ఎండలో నిలబడి ఉంది. ఎవరూ లేచి వెళ్లలేదు. పదకొండేళ్లు ఆ ఇరవై అడుగులను తిట్టుకుంటున్నాను. వాళ్లు నడవలేదు సరే, నేనెందుకు వాళ్ల చెయ్యి పట్టి తీసుకుపోలేదు?

సత్తన్నను వారంలో ఇంటికి పంపేశారు. జీపుకు మాత్రం పది రోజుల తర్వాత, ఎవరికీ చెప్పకుండా, కొత్త కడ్డీ వేశారు. అంటే వాళ్లకు తెలుసు. ఎయిర్‌పోర్టుకు వెళ్లే బండి ఎక్కేముందు నేను ఆయన కళ్లలోకి చూడలేకపోయాను. "క్షమించన్నా" అనబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. "ఏడ్వకు. వాడు బోల్టులు బిగించి అబద్ధం చెప్పిండు, నువ్వు పెన్నుతోని చెప్పినవ్. వాడు మారడు. నువ్వు మారుతవ్." చంకలోని అట్ట ముక్కను నా చేతిలో పెట్టాడు. "ఇగ నుంచి వీపుతోని సంతకం పెట్టు." నాలుగేళ్ల తర్వాత ఆయన ఊళ్లో ట్రాక్టరు కిందనే పనిచేస్తూ గుండె ఆగి పోయాడని తెలిసింది. జీపులో నుంచి దిగిన ఆ తొమ్మిది మందిలో ముగ్గురు ఆ కబురు నాకు ఫోను చేసి చెప్పారు. ముగ్గురూ ఏడ్చారు. ఏడవాల్సింది ఫోనులో కాదు, ఆ రోజు ఆఫీసులో.

నేను రత్నకుమారికి జవాబు పంపాను. ముందు రోడ్డు గురించి అడిగాను. ఇంటి నుంచి ఆసుపత్రికి దారి దాదాపు చదును, ఒకచోట మాత్రం వంద అడుగులకు మూడు అడుగుల ఎత్తు అంది. అయితే ముందు చక్రాలది చాలమ్మా, ఇంజను బరువు తిరిగే చక్రాల మీదే ఉంటుంది, మిగిలిన డబ్బు చలికాలపు టైర్లకు పెట్టు, నాలుగింటికీ. కొండ మీద ఇల్లయితే నాలుగు చక్రాలది తీసుకోమనేవాణ్ని. కాని నాలుగు తిరిగినా ఆగేది టైరుతోనే. "భయమే ఉండదన్న మనిషి మాట నమ్మకు. ఏ బండైనా సరే, కొనేముందు కింద పడుకుని చూడు. టైర్ల లోపలి అంచు చూడు."

"మంచులో పడుకోమంటావా అన్నయ్యా? అందరూ నవ్వుతారు!"

"నవ్వనీ. అట్ట వేసుకో."

ఈ పొద్దున ఆమె నుంచి ఫొటో వచ్చింది. తెల్లటి మంచు మీద విప్పి పరిచిన అట్టపెట్టె, దాని మీద తడి వీపు అచ్చు. కింద రెండు మాటలు: "భయం లేదన్న బండికి వెనక టైర్లు రెండూ లోపలి వైపు అరిగిపోయి ఉన్నాయి అన్నయ్యా. ముందువి మాత్రం కొత్తవి వేశాడు. వద్దని వచ్చేశాను."

అల్ అమెరాత్‌లో మా చిన్న కంపెనీకి ఇప్పుడు పద్నాలుగు బండ్లు. వాటి చెక్‌లిస్టు నాదే. ఫోను జేబులో పెట్టి, సత్తన్న అట్ట తీశాను. అంచులు ఊడిపోతే ప్యాకింగ్ టేపు చుట్టి ఉంచాను. మొదటి బండి పక్కన పరిచి వెల్లకిలా పడుకున్నాను. డ్రైవర్ కుర్రాళ్లు టీ తాగుతూ నవ్వుతున్నారు. నవ్వనీ. పద్నాలుగు బండ్లు, పద్నాలుగు సార్లు. పెన్ను ఆ తర్వాతే.