బాపు స్టీలు సైకిల్, నా అల్యూమినియం సైకిల్

విమానాశ్రయం తెరిచిన రెండేళ్లకు అక్కడి సరుకు గోదాములో నాకు పని దొరికింది. మా ఊరు శంషాబాద్ పక్కనే. షాద్‌నగర్‌లో కాపురముంటున్న అక్కాబావలు నాకు అల్యూమినియం సైకిల్ కొనిచ్చారు. ఒంటిచేత్తో ఎత్తొచ్చు. కొత్త తారురోడ్డు మీద, పెడల్ నొక్కితే చాలు, దూసుకుపోయేది.

ఆ వానాకాలం గోదాము మెట్ల మీద జారిపడి కుడి మణికట్టు విరిగింది. కట్టు విప్పాక మళ్లీ పనికి బయల్దేరాను. పెద్దరోడ్డు ఎక్కేదాకా మా ఊరి దారంతా కంకర. ఒక్కో రాయి అదురు హ్యాండిల్‌లోంచి నేరుగా ఎముకలోకి దిగుతోంది. సగం దారిలో దిగి ఏడ్చేశాను.

పొలం నుంచి పచ్చగడ్డి మోపుతో బాపు ఎదురొచ్చాడు. ఆయనది నేను పుట్టకముందు కొన్న స్టీలు సైకిల్.

"ఏందే బిడ్డా, గిక్కడ ఆగినవ్?"

"చెయ్యి గుంజుతుంది బాపు. తొక్కలేకపోతున్న."

ఆయన మోపు దించి, "జర దీని మీద పోయి చూడు" అన్నాడు.

మొదట బరువుగా కదిలింది. కంకర మీదికి వెళ్లాక తేడా తెలిసింది. రాళ్లు తగులుతూనే ఉన్నాయి, కానీ దెబ్బ మెత్తబడి వస్తోంది. దాని టైర్లు లావు, అదీ కారణమే అనుకుని ఆ సాయంత్రం నా సైకిల్ టైర్లలో కొంత గాలి తీసి చూశాను. కొంచెం నయమైంది, అంతే. ఫ్రేము బిర్రు మాత్రం పోలేదు.

"చెయ్యి కుదిరేదాక నాదే కొంచపో" అన్నాడు బాపు.

నా సైకిల్ ఆయన తీసుకున్నాడు. దానికి మోపు పెట్టుకునే క్యారియర్ లేదన్న సంగతి నాకు తట్టలేదు. వారం తర్వాత పక్కింటి అక్క చెప్పింది: "మీ బాపు మోపు నెత్తిన పెట్టుకొని, సైకిల్ నూకుకుంట నడుస్తుండు." ఇంటికెళ్లి అడిగితే, "నడిస్తే ఏమైతది? నీ చెయ్యి మంచిగైతే చాలు" అన్నాడు.

ఆదివారం బావ వచ్చి నా సైకిల్‌కు క్యారియర్ బిగించాడు. దసరా నాటికి నా చెయ్యి కుదిరింది. సైకిల్ తిరిగిస్తానంటే బాపు ఒప్పుకోలేదు.

"ఇగ నాకు గిదే అలవాటైంది. ఎత్తు ఎక్కుతుంటే మోకాళ్లు నొస్తలేవు. నువ్వు గదే ఉంచుకో."

ఉంచుకున్నాను. ఆ గోదాములో పనిచేసినన్నాళ్లూ దాని మీదే వెళ్లాను. కంకర దారి దాటే ప్రతి ఉదయం మనసులోనే బాపుకు దండం పెట్టుకునేదాన్ని.