సముద్రం అడుగున అంగుస్తాను

మా చిన్నప్పుడు... మొయినాబాద్‌లో మా పెద్దబాపు ఇంట్లో కంప్యూటర్ గదిలోకి చెప్పులు విడిచి వెళ్లాలి. గట్టిగా దగ్గకూడదు. కారం దంచాలన్నా పెద్దమ్మ ఇంట్లో రోలు ఉండగా పక్కింటికి పోయి దంచుకొచ్చేది. ఎందుకంటే లోపల రమేశన్న ‘ప్రాజెక్టు’ చేస్తున్నాడు...

పెద్దబాపు మా నాన్నకు అన్న. మాది చేవెళ్లలో గిన్నెల దుకాణం, ఆయనది మొయినాబాద్ పక్కన బోరు ఉన్న కూరగాయల తోట. హైటెక్ సిటీ కార్లు మా రోడ్డు మీదికి రావడం మొదలైన రోజులవి. ఇంటికొక సాఫ్ట్‌వేర్ ఉండాలి... మా ఇంటికి రాసిపెట్టినవాడు రమేశన్న, పెద్దబాపు కొడుకు. అమీర్‌పేటలో ఆర్నెల్లు ఏదో కోర్సు చేసి, కూలర్ లేకపోతే తనకు బుర్ర పనిచేయదని చెప్పడం నేర్చుకొచ్చాడు. మెడలో ఐడీ తాడు ఉండేది. దానికి కార్డు ఉండేది కాదు.

తొమ్మిదో తరగతి ఎండాకాలం సెలవులకి అక్కడికి వెళ్లాను. ఆయనగారికి చాయ్ అందించే పని నాకు పడింది. మొదటి రోజే తెర చూశాను...

నీలంగా సముద్రం. మునిగిన ఓడ. ఇసుకలో గొడుగు, ఫిడేలు, కెటిల్, గోడ గడియారం... కింద వాటి పేర్లు ఇంగ్లీషులో. ఒక్కొక్కటి వెతికి నొక్కితే మాయమవుతుంది. అన్నీ దొరికితే ఓడలో ఇంకో గది తెరుచుకుంటుంది. ఇంతే ఆట! గొడుగు పట్టుకుని సముద్రంలోకి ఎవడు దిగాడో, గోడ గడియారం ఏ చేపకి కావాలో ఆ తయారుచేసినవాళ్లకే తెలియాలి. గండిపేట చెరువు తప్ప నీళ్లే చూడని మాకే అది అబద్ధంలా కనిపించింది.

ఇదీ ప్రాజెక్టు. దీని కోసమే ఇల్లంతా గుసగుసలతో బతుకుతోంది!

ఆట కూడా చిన్నది, కుదురుగా కూర్చుంటే ఒక మధ్యాహ్నం పని. రమేశన్న చివరి గదిలో పది రోజులుగా ఇరుక్కుపోయాడు. ఒకే ఒక్క మాట మిగిలింది... థింబుల్. దాని అర్థం ఆయనకి తెలియదు. ఓడలో గంట, గ్లాసు, ఏది కనిపిస్తే అది నొక్కుతూ కూర్చున్నాడు. తప్పులు ఎక్కువైతే ఆట కాసేపు మొరాయించేది. ఇంట్లో డిక్షనరీ ఉంది. కానీ తెరిస్తే నామోషీ కదా... అమెరికా వాళ్లతో మాట్లాడబోయే మనిషి!

మా దుకాణం పక్కన దర్జీ ఉండేవాడు. సూది గుచ్చుకోకుండా వేలికి తొడుక్కునే ఇత్తడి టోపీని ఆయన అంగుస్తాను అనేవాడు. ఇంగ్లీషులో అదే థింబుల్ అని మా టీచరమ్మ చెప్పింది. పగడపు కొమ్మకి తగిలించి ఉన్నదాన్ని వేలితో చూపించాను. నొక్కాడు. పెట్టె తెరుచుకుంది, చేపలు నాలుగు గెంతులు వేశాయి, ఆట అయిపోయింది.

రమేశన్న సంతోషించలేదు. లేచి తలుపు మూశాడు.

“బాపుకు చెప్పకు. నువ్వు గూడ రోజు గంటసేపు ఆడుకో.”

ఒప్పుకున్నాను. ఆ పనికిమాలిన సముద్రంలో మొదటినుంచీ ఎనిమిదిసార్లు దిగాను. ఒక్కసారీ విసుగు రాలేదు...

ఆ నెలలోనే అరుగు మీద బ్రోకర్లు కూర్చోవడం మొదలైంది. తోట అమ్మి కొడుక్కి సొంత ఆఫీసు పెట్టించాలని పెద్దబాపు ఆలోచన. మాట ఖాయం చేసుకునే రోజు పొద్దున, తలకి రుమాలు చుట్టుకుంటూ నన్ను పిలిచాడు.

“బిడ్డా, నువ్వు రోజు లోపల్నే ఉంటవు గద. మావోని పని ఎంతదాంక వచ్చింది?”

గడపలో రమేశన్న నిలబడి నన్నే చూస్తున్నాడు. ఆ రోజు గంట నేనింకా ఆడలేదు.

“మస్తు చేస్తున్నడు, పెద్దబాపు,” అన్నాను.

ఆయన మొహం విచ్చుకుంది. నా తల నిమిరి వెళ్లిపోయాడు.

ఆఫీసుకి ఇంగ్లీషు పేరుతో బోర్డు పెట్టారు, నాలుగు తిరిగే కుర్చీలు కొన్నారు. వానాకాలం దాటకముందే తాళం పడింది. రమేశన్న ఇప్పుడు ప్లాట్లు అమ్ముతున్నాడు. ‘యువత ఎలా ఎదగాలి’ అని పోస్టులు కూడా పెడతాడు... లైకులు కొట్టేవాళ్లకో దండం. అయినా ఆయనెప్పుడూ అంతే. నాకు అసలు రోత పుట్టేది ఆ గంట ఆట కోసం నోరు మూసుకున్న పిల్లని తలుచుకుంటే.

మరుసటి ఏడు చేవెళ్ల మార్కెట్లో పెద్దబాపు కనిపించాడు. గంపలకొద్దీ వంకాయలు అక్కడికి తోలిన మనిషి... ఒక కుప్ప ముందు కూర్చుని పావుకిలోకి పుచ్చులు లేనివి ఏరుకుంటున్నాడు. నన్ను చూసి, “బాపు మంచిగున్నడా బిడ్డా?” అన్నాడు. ఆ పొద్దున నేను చెప్పింది అబద్ధమని ఆయనకి ఇప్పటికీ తెలియదు.

మొయినాబాద్ రోడ్డు పొడుగునా ఇప్పుడు ఎత్తైన ప్రహరీ గోడలే... లోపల ఒకప్పుడు ఏం పండేదో చెప్పేవాళ్లు కూడా తగ్గిపోయారు. చిన్నప్పుడు అన్నీ చూసి, చెప్పాల్సిన చోట చెప్పకుండా ఊరుకున్నది మీకూ ఏదైనా ఉందా? ఉంటే కింద రాయండి... నేను ఒక్కదాన్నే కాదనైనా తెలుస్తుంది.